ఆఖరి కాగితాలు లేని తుపాకీ కథలు

పోయిన నెల పూర్ణా మార్కెట్ నుంచి తిరిగివస్తూ ఒక పాత పుస్తకాల బండి దగ్గర ఆగాను. అలా ఎండలో ఆగి నిలబడొద్దని డాక్టరూ చెప్పాడు, నా మోకాళ్ళూ చెప్పాయి. ఇద్దరి మాటా వినలేదు. బండి మీద సగం పోటీ పరీక్షల గైడ్లు, సగం కంప్యూటరు పాఠాలు. అడుగున ఒక అట్టపెట్టెలో మాత్రం ఇంగ్లీషు కౌబాయ్ నవలలు, అట్టల మీద గుర్రాలెక్కిన మనుషులు. టోపీలు కళ్ళ మీదికి లాక్కుని, నడుముకి తుపాకీ వేలాడేసుకుని, ఎవరినో చంపి వస్తున్నారో చంపడానికి వెళ్తున్నారో తెలియని మొహాలు. నా పదిహేడో ఏట నాకు మా వీధిలోవాళ్ళ మొహాలకన్నా ఆ మొహాలే బాగా తెలుసు. నాలుగు పుస్తకాలు ఏరి తీసుకున్నాను. బండివాడు నా తెల్ల జుట్టు వైపూ, అట్టమీది తుపాకీ వైపూ మార్చి మార్చి చూసి, "మనవడికా అమ్మా?" అన్నాడు. "నాకే" అన్నాను. పాపం, పుస్తకాలు గబగబా సంచిలో పెట్టేశాడు.

గోపాలపట్నంలో మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే చేసిన మొదటి పని, నాలుగు పుస్తకాలకీ చివరి పేజీ ఉందో లేదో చూడటం. ఉంది. నాలుగింటికీ ఉంది. వరండాలో కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పిన దాన్ని. కావాలనుకుంటే ఏ లైబ్రరీలోనో ఎప్పుడో చూసి ఉండొచ్చు. కావాలనుకోలేదు. చివరి పేజీ ఉన్న తుపాకీ పుస్తకాన్ని చేత్తో పట్టుకోవడం నా జన్మలో అదే మొదలు. అందుకు కారణం మా దేముడు మామ.

అప్పట్లో మేం వన్ టౌన్‌లో, కొండ వాలులో ఒక సందులో ఉండేవాళ్ళం. గుమ్మంలో నిలబడితే పోర్టు క్రేన్ల తలకాయలు కనబడేవి. గాలి అటునుంచి వీచిన రోజున ఇనప రాయి దుమ్ము వచ్చి వీధి మొత్తం మీద పడేది. మా అమ్మ తెల్లబట్టలు ఉతికే ముందు కొంగు చివర పైకెత్తి గాలి ఎటు పోతోందో చూసేది. అటైతే ఉతికేది, ఇటైతే రేపటికి వాయిదా. తెల్లచొక్కా కాలరు ఎర్రబడని మగాడు మా సందులో ఉన్నాడంటే వాడు చుట్టపుచూపుగా వచ్చినవాడన్నమాట. మా నాన్న అప్పలసూరి పోర్టులో కలాసీ, పాతికమంది గ్యాంగుకి మేస్త్రీ. ఓడ కడుపులోంచి గోధుమ బస్తాలూ ఎరువుల బస్తాలూ కొక్కేలతో లాగి పైకెత్తించే పని. పొద్దుటి షిఫ్టు దిగి మూడు గంటలకి ఇంటికొచ్చేవాడు. నూతి దగ్గర ఒళ్ళంతా తోముకుని, చెవుల్లో దుమ్ము పోవడానికి కొబ్బరినూనె చుక్కలు వేసుకుని, అరుగు మీద గోడకి చేరబడేవాడు. అమ్మ చోడి అంబలి, వేయించిన ఎండు నెత్తళ్ళ చేపలు ముందు పెట్టేది. ఆ నెత్తళ్ళ వాసన, చెవిలోంచి కారిన కొబ్బరినూనె వాసన, తడి తువ్వాలు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు సాయంత్రం మొదలైనట్టు లెక్క.

దేముడు మామ అమ్మకి తమ్ముడు, నాన్న గ్యాంగులోనే కలాసీ. పనిలో అంతంత మాత్రం గానీ, స్నేహం చెయ్యడంలో అతనికి సాటి లేరు. ఏ దేశపు ఓడ వచ్చినా రెండో రోజుకల్లా ఆ ఓడ వంటవాడి భుజం మీద చెయ్యేసి నవ్వుతూ కనబడేవాడు. ఇద్దరికీ ఒక్క మాట కలిసేది కాదు. అయినా మామకి రొట్టె, వేయించిన మాంసం ముక్కలు, అప్పుడప్పుడూ నావికులు చదివి పారేసిన పుస్తకాలు దొరికేవి. అట్టమీద గుర్రం ఉంటే చాలు, మా మేనకోడలు ఇంటర్మీడియట్ చదువుతోంది కదా అని తెచ్చి నా ఒళ్ళో పడేసేవాడు. ఆ పుస్తకాలన్నిటికీ చివర పది పదిహేను కాగితాలు ఉండేవి కావు. మిగిలిన ఆఖరి పేజీ మీద మాంసం నూనె మరక ఉండేది. రెండు మూడు పుస్తకాలయ్యాక మామని నిలదీశాను. రొట్టే మాంసమూ పొట్లం కట్టుకోవడానికి ఇంకేం దొరుకుతాయట ఓడలో!

"ముందున్న బొమ్మ సింపినానేటి?" అన్నాడు మామ నొచ్చుకుని. "ఎనకాల కాయితాలే గదా తీసినాను. అప్పటికి కత అయిపోతాది. సినిమాలో శుబం పడకుండానే జనం లెగిపోరేటి?"

అతనితో వాదించి లాభం లేదు. ఒక పుస్తకం ఆఖరి పేజీలోనే అసలు సంగతి ఉంటుందని, జన్మలో పుస్తకం తెరవని మనిషికి ఎలా చెప్తాం? పైగా తెచ్చిన పుస్తకాలు కూడా తేవడం మానేస్తాడేమోనని భయం. గుడ్డి కన్నా మెల్ల మేలు కదా అని ఊరుకున్నాను.

కథలు చెప్పమని అడిగింది నాన్న. ఆయనకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు బస్తాల మీద చూసి గుర్తుపట్టడం వచ్చు. ఒక సాయంత్రం అట్టమీది బొమ్మ చాలాసేపు చూసి, "ఈడి మొకం సూడే. గెల్సినోడి మొకంలా నేదు. ఏటయిందో సెప్పు" అన్నాడు. ఆ రోజు మొదలు. రోజూ మధ్యాహ్నం నేను చదువుకోవడం, సాయంత్రం నాన్నకి తెలుగులో చెప్పడం. అమ్మ బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూ వినేది. షెరీఫుని నేను హెడ్డు కానిస్టేబులు చేశాను. వాళ్ళు తాగే సెలూను సారా కొట్టయింది. వేల ఎకరాల పశువుల కామందు మాత్రం కామందుగానే ఉండిపోయాడు, అలాంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. నాన్న అడిగే ప్రశ్నలకి ఆ రాసినాయన కూడా జవాబు చెప్పలేడు. "మూడు దినాలు ఎండలో పెయాణం సేసినాడన్నావు. గుర్రానికి నీల్లెప్పుడు ఎట్టాడు?" అనేవాడు. అమ్మకి గుర్రంతో పని లేదు. "ఆడికి పెల్లాం నేదేటి?" అని ప్రతి కథలోనూ అడిగేది. లేదంటే, "మరదీ సంగతి" అని చేట విదిల్చేది.

మొదటి పుస్తకం చివరికొచ్చి, "ఇంక కాగితాలు లేవు నాన్నా" అన్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది. ఆ పూట అంబలి సగం తాగి వదిలేశాడు. "కత కంచికి ఎల్లకుండా దారిలో ఒగ్గేత్తే ఎలాగే? ఆ మడిసి అక్కడే నిలబడిపోతాడు గదా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. రెండో పుస్తకం నుంచి చివర నేనే కల్పించడం మొదలుపెట్టాను. కల్పించానని చెప్పలేదు. పుస్తకంలో వేలు పెట్టి, చదువుతున్నట్టే కళ్ళు కదిపి చెప్పేదాన్ని. నా చివరలన్నీ ఒక్కలాగే ఉండేవి. పాత పాపాల బరువుతో తుపాకీ వదిలేసిన మనిషి, ఊరికోసం మళ్ళీ తుపాకీ అందుకుంటాడు. మిట్టమధ్యాహ్నం వీధిలోకి వస్తాడు. ఒక్క గుండు. దుర్మార్గుడు పడిపోతాడు. ఊరు కుదుటపడుతుంది. నాన్న కాసేపు అలా గోడకి చేరబడి ఉండి, "ఊఁ" అని లేచేవాడు. నచ్చి అలా ఉండిపోయాడని నేను మురిసిపోయేదాన్ని.

ఎందుకంత పిచ్చి ఆ కథలంటే అని ఇప్పుడు ఆలోచిస్తాను. మా ఊరు కూడా అప్పుడు అలాగే ఉండేదనిపిస్తుంది. స్టీలు ప్లాంటుకి పునాదులు తవ్వుతున్న రోజులు. గాజువాక దాటితే ఎర్రమట్టి, కొత్త ముళ్ళకంచెలు, నిన్న లేని రేకుల షెడ్లు. గోదావరి జిల్లాలవాళ్ళు, కృష్ణా వాళ్ళు పెట్టెలతో దిగేవారు. భూములు పోయినవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగేవారు. కొత్తగా వచ్చినవాడు ఎవడో, వాడి వెనక ఏముందో ఎవరికీ తెలియదు. పుస్తకంలో ఊళ్ళూ అవే, దుమ్మూ అదే. కానీ నన్ను కట్టిపడేసింది ఊరు కాదు, ఆ మనిషి. చేతికి ఒక విద్య వచ్చు. ఆ విద్య వచ్చినందుకే నిద్ర పట్టదు. మానేద్దామంటే జనం మాననివ్వరు. పదిహేడేళ్ళ ఆడపిల్లకి ఇందులో ఏం కనిపించిందని అడిగితే, మా నాన్న కనిపించాడని చెప్పాలి. అది అప్పుడు నాకు తెలియదు.

చోడవరం దాపున మా పల్లెలో నాన్న గరిడీ నేర్చినవాడు. అమ్మవారి పండగలో ఆయన కర్రసాము చూడటానికి పక్క ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకు వచ్చేవారట. వెలుగుతున్న ప్రమిదలో వత్తిని కర్ర కొసతో ఆర్పేసి, నూనె చుక్క ఒలకనిచ్చేవాడు కాదని మా మామ్మ చెప్పేది. ఆ కర్ర మా ఇంట్లో అటక మీద ఉండేది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అది కిందికి దిగడం చూడలేదు. బూజు దులిపేటప్పుడు కూడా అమ్మ దాన్ని తప్పించి దులిపేది. ఎందుకని అడిగితే, "మీ నాన్న ఒట్టేసుకున్నాడు, ఇంక ముట్టడు" అనేది. ఎందుకు ఒట్టేసుకున్నాడంటే, "నీకెందుకు, సదూకో" అనేది. ఆడపిల్లల నోరు మూయించడానికి చదువుని మించిన ఆయుధం లేదు మా అమ్మకి.

ఆ వారం చెప్తున్న కథలో మనిషి తన తుపాకీని పెట్టెలో పెట్టి, పెట్టెని నేలలో పాతేసి, ఒక ఊళ్ళో బావులు తవ్వుకుంటూ బతుకుతున్నాడు. ఊరివాళ్ళకి సంగతి తెలిసిపోయింది. కామందు మనుషులు మీదికొస్తున్నారు, నువ్వు రావాలని అందరూ వచ్చి అతని గుమ్మంలో నిలబడ్డారు. అక్కడ నూనె మరక. చివర ఏం చెప్పాలో నాకు కంఠస్థమే. ఆదివారం కదా, తీరిగ్గా చెప్దామని శనివారం అక్కడ ఆపాను.

ఆదివారం పొద్దున్న అంబలి తాగుతుండగా మా గుమ్మంలోకి దేముడు మామ, గ్యాంగువాళ్ళు మరో నలుగురు వచ్చారు. అరుగెక్కి కూర్చోలేదు, నిలబడే ఉన్నారు. వేరే కాంట్రాక్టరు కింద కొత్తగా ఒక గ్యాంగు దిగింది. గోధుమల ఓడ దగ్గర పని మాదంటే మాదని నాలుగు రోజులుగా గొడవ. ముందురోజు వాళ్ళు మావాళ్ళ కొక్కేలు లాక్కుని నీళ్ళలోకి విసిరేశారు. పెద్దవయసు కలాసీ ఒకాయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చారు. పది గంటలకి గేటు దగ్గర తేల్చుకుందామని కబురంపారు.

"బావా, నువ్వు కర్ర తిప్పక్కర్నేదు" అన్నాడు మామ. "సేతిలో అట్టుకుని నిల్సో, సాలు. నీ పేరింటే సగం మంది ఎల్లిపోతారు."

"మిగతా సగం?" అన్నాడు నాన్న.

మామ వెనక్కి తిరిగి చూశాడు. వెనకున్న నలుగురిలో ఒకడు, "మేస్త్రీ అంటే ముందుండాల. ఇయ్యాల నువ్వు రాపోతే రేపట్నుంచి నీ ఎనకాల ఎవుడూ నిలబడడు" అన్నాడు. నాన్న గిన్నె కింద పెట్టాడు. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు అటక వైపు పోయి వెంటనే తిరిగొచ్చాయి. అందరం ఆయన ఏమంటాడా అని చూస్తున్నాం. ఆయన నావైపు తిరిగాడు.

"పారోతీ, ఆ బావులు తవ్వేవోడు సివరికి ఏటి సేసినాడే?"

నేను తడుముకోలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉండేది అదే. "తీసాడు నాన్నా. నేల తవ్వి, పెట్టె తెరిసి, తుపాకీ తీసుకుని ఈదిలోకి ఎల్లాడు" అన్నాను. ఎవరూ నన్ను చెప్పమని బలవంతపెట్టలేదు. మా నాన్న ఆ కర్ర పట్టుకుని సందు మధ్యలోంచి నడిచి వెళ్ళాలని, అన్ని గుమ్మాల్లోనూ అందరూ నిలబడి చూడాలని, నా ఒళ్ళంతా కోరిక. మామ నావైపు ఎంత మెచ్చుకోలుగా చూశాడో.

"పుస్తకంలో ఉందా, నువ్వు సెప్తన్నావా?" అన్నాడు నాన్న.

పుస్తకం చేతిలోనే ఉంది. తెరిచి కళ్ళు కదిపితే సరిపోయేది. ఆయన చూపు ముందు అది చేతకాలేదు. "ఆఖరి కాయితాలు నేవు నాన్నా" అన్నాను. "ఏ పుస్తకానికీ నేవు. రెండోదాని కాడ్నుంచి అన్నీ నేనే అల్లినాను."

దేముడు మామ నోటిమీద చెయ్యేసుకున్నాడు. తన రొట్టె పొట్లాల్లో ఏముండేదో అతనికి అప్పుడే తెలిసింది.

"నాకు తెల్సు" అన్నాడు నాన్న. "పన్నెండు కతలు సెప్పినావు. పన్నెండిట్లోనూ ఒక్క గుండుకే అయిపోనాది. ఒక్క దెబ్బకి ఏదీ అయిపోదే అమ్మీ."

"మరెందుకు ఇన్నావు?"

"నువ్వు సెప్తన్నావు గదా, అందుకు." ఆయన నవ్వలేదు. "సరే, తుపాకీ తీసాడనుకో. తరవాతేటయింది?"

"ఊరు బాగుపడింది."

"ఊరు సంగతి సరే. ఆ దెబ్బ తిన్నోడు?"

నా పన్నెండు కథల్లో పడినవాడు పడినట్టే ఉన్నాడు. వాడిని అక్కణ్ణుంచి ఎవరు ఎత్తారో, ఎక్కడికి మోసుకెళ్ళారో నేనెప్పుడూ అనుకోనైనా అనుకోలేదు. నాన్న లేచాడు. "సొక్కా తే" అన్నాడు అమ్మతో. "పారోతీ, సెప్పులేసుకో. తరవాతి కత సూపిత్తాను." ఆడపిల్లని గేటు దగ్గరికెందుకని అమ్మ గొణిగింది గానీ, చొక్కా తెచ్చిచ్చింది. కర్ర తేలేదు, ఆయన అడగలేదు.

దారిలో ఆయన చెప్పింది నాలుగు ముక్కలు. పదకొండేళ్ళ కిందట ఇలాంటి గొడవే. ఇదే గేటు. కర్ర పట్టుకుని ఈయన వెళ్ళాడు. నూకరాజని అవతలి గ్యాంగు కలాసీ, పెళ్ళయి ఏడాది. "ఆడు కొట్టడానికి రానేదే. అడ్డుకోడానికి సెయ్యెత్తినాడు. నాకు తెల్సు ఆ సెయ్యి ఎందుకు లెగిసిందో. కర్ర ఆగనేదు." మణికట్టు ఎముకలు నలిగిపోయాయి. చెయ్యి అతకలేదు. కొక్కెం పట్టుకోలేని కలాసీకి పోర్టులో పనేముంటుంది? గేటు బయట టీ కొట్టు పెట్టుకున్నాడు. నాన్న మర్నాటి నుంచీ రోజూ షిఫ్టుకి ముందు ఆ కొట్టులోనే టీ తాగుతున్నాడు. మధ్యలో మూడు కొట్లు దాటుకుని వెళ్ళి తాగుతున్నాడు. పదకొండేళ్ళలో ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అతను గ్లాసు పెడతాడు, ఈయన తాగి గ్లాసు పెట్టేస్తాడు.

కొట్టు ముందు బల్ల ఉంది. నూకరాజు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి, విచ్చుకోవు. గ్లాసుని ఆ మణికట్టుకీ ఛాతీకీ మధ్య నొక్కిపెట్టి, ఎడమచేత్తో కడుగుతున్నాడు. ఎడమచేత్తోనే టీ తిరగపోస్తున్నాడు, చుక్క కింద పడకుండా. ఎన్నాళ్ళకి నేర్చుకున్నాడో అనిపించింది. నాన్న బల్ల మీద కూర్చుని, ఆ పదకొండేళ్ళ మౌనం తనే తెంపాడు.

"నూకరాజూ, నన్ను మల్లీ కర్ర తియ్యమంతన్నారు."

నూకరాజు పాలు పొయ్యి మీద పెట్టి, మంట సరిచేశాడు. "తియ్యి" అన్నాడు. "ఈసారి ఎవుడి సెయ్యి తీసినా, ఆడికి వేరే గేటు సూపించు. ఈ గేటుకి ఒక టీ కొట్టు సాలు."

నాన్న తల దించుకున్నాడు. అతను రెండు గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టాడు. నన్ను చూసి, "కూతురేటి?" అన్నాడు. నాన్న తలూపాడు. "కతలు సెప్తాది. తుపాకీలోల్ల కతలు" అన్నాడు, గర్వమో బాధో తెలియని గొంతుతో.

"అలాగా? ఆ కతల్లో దెబ్బ తిన్నోడు ఏటవుతాడమ్మా?" అని నూకరాజు నన్నే అడిగాడు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగాడు.

"పడిపోతాడు" అన్నాను.

"పడిపోతే సుకమే" అన్నాడు గ్లాసు తుడుస్తూ. "మర్నాడు లెగాల గదా."

పది కావస్తోంది. మావాళ్ళు గుంపుగా వచ్చారు. అటునుంచి వాళ్ళూ వచ్చారు. మామ మమ్మల్ని చూశాడు. నాన్న లేస్తాడేమోనని ఒక క్షణం ఆగాడు కూడా. నాన్న బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. ఆయనకి కూర్చోవడం ఎంత కష్టమో ఆ మెడ చెప్పింది. మామ పక్కకి ఉమ్మి, ముందుకి వెళ్ళిపోయాడు. తర్వాత అరుపులు, కర్రల చప్పుడు, పరుగులు, ఈలలు, పోలీసులు. అంతా టీ చల్లారేలోపు ముగిసిపోయింది. మామ తలకి ఆరు కుట్లు పడ్డాయి.

నాన్న వెళ్ళి ఉంటే ఆ కుట్లు పడకపోయేవేమో. ఇంకొకరి చెయ్యి పోయేదేమో. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు, ఆయనకీ తేలలేదనే అనుకుంటాను. నెల తిరక్కుండా మేస్త్రీ పని ఇంకొకరికి వెళ్ళింది. వెనకనుంచి "పిరికోడు" అనే మాట మా సందులోనే విన్నాను. నేను కూడా కొన్నాళ్ళు ఆయన పక్కన నడవడానికి సిగ్గుపడ్డాను, రాసేస్తున్నాను, దాచుకుని ఏం చేసుకోను? మామ రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఓడ పుస్తకాలు అంతటితో ఆగిపోయాయి.

ఇప్పుడు పోర్టులో గ్యాంగులు ఎక్కడున్నాయి? క్రేను ఒక్కటి వంగి పెద్ద ఇనప పెట్టెని ఎత్తి పక్కన పెడుతుంది, పాతికమంది పని అది. నూకరాజూ పోయాడు, నాన్నా పోయాడు, మామ కూడా పోయాడు. రుషికొండలో ఉండే మా చెల్లెలి మనవడు ఫోనులో ఒక ఆట ఆడతాడు. రోజుకి వందమందిని కాలుస్తాడు. పడినవాళ్ళు పడిన చోటే మాయమైపోతారు, నేల శుభ్రంగా ఉంటుంది. వాణ్ణి తిట్టబోయి ఆగిపోయాను, నా పన్నెండు కథలూ అలాంటివే కదా. కొన్న నాలుగు పుస్తకాలూ చదివాను. రెండింట్లో కథానాయకుడు తుపాకీ తీసి, చంపి, గుర్రమెక్కి ఎటో వెళ్ళిపోతాడు. ఊరివాళ్ళు పిలుస్తారు, తిరిగి చూడడు. ఈ వయసులో కూడా ఆ పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను, అబద్ధం చెప్పను. గొప్పగా రాశారు. కానీ అంత ఎడారి ఎదురుగా ఉంటే ఎవరైనా వెళ్ళిపోతారు. మా నాన్నకి గుర్రమూ లేదు, ఎడారీ లేదు. మర్నాడు అదే గేటు, అదే షిఫ్టు, అదే టీ కొట్టు. తిరిగి చూడకుండా ఉండటానికి వీల్లేని చోట ఆయన బతికాడు. ఆ రాసినవాళ్ళకి ఈ మనిషి తారసపడలేదే అని నా బాధ.

ఆ గొడవైన పది రోజులకో ఎన్నాళ్ళకో, నూతి దగ్గర స్నానం చేసి వచ్చి చెవిలో నూనె వేసుకుంటూ, "ఆ బావులోడి కత మిగిలిపోనాది గదే" అన్నాడు నాన్న. పుస్తకం తేకుండా, ఒట్టి చేతులతో కూర్చున్నాను. మొదటిసారి ఆలోచించి చెప్పాను. అతను తుపాకీ తీశాడని చెప్పాను. గుండు ఒక కుర్రాడి చేతికి తగిలిందని, వాడు చావలేదని చెప్పాను. వాడికి పేరు పెట్టాను. పెళ్ళాన్ని ఇచ్చాను. మర్నాడు పొద్దున్న వాడు ఎలా లేచాడో, ఎడమచేత్తో చొక్కా ఎలా తొడుక్కున్నాడో చెప్పాను. ఆ ఒక్క పొద్దున్న చెప్పడానికే రెండు సాయంత్రాలు పట్టింది. వాడు కొట్టు పెట్టుకున్నాడని, కాల్చినవాడు రోజూ వెళ్ళి అక్కడ టీ తాగేవాడని చెప్పాను. ఆ దేశంలో టీ తాగుతారా అని ఎవరూ అడగలేదు. నాన్న గోడకి చేరబడలేదు, ముందుకి వంగి విన్నాడు.

అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని, బియ్యం ముట్టుకోకుండా కూర్చుంది. "మరి ఆ కుర్రోడు ఈడిని సెమించినాడేటే?" అంది.

అవునని చెప్పడం ఎంత తేలిక! ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం అమ్మ అడిగింది, నాన్న నావైపే చూస్తున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది.

"నేదమ్మా" అన్నాను. "రోజూ టీ మాత్రం ఇచ్చేవోడు."

"సాలు" అన్నాడు నాన్న. "అంతకన్నా ఎక్కువ సెప్పకు."